కాజాలక్క చెప్పని తిమ్మిరి

గుండీ దూరే కాజా కోసిన అంచు వెంబడి లావు దారాన్ని పరిచి, దాని మీదుగా సూదిని కిందనుంచి పైకి తీసింది. పట్టుదారాన్ని సూది మొన కిందుగా ఒక చుట్టు తిప్పి లాగితే అంచు మీద చిన్న ముడి పడింది. మళ్ళీ సూది, మళ్ళీ ముడి. లేత బూడిదరంగు ఉన్ని కోటు. ఒక పెద్ద హోటల్ గుమ్మం దగ్గర తలుపులు తీసే మనుషుల కోసం ఐదు కోట్లు కుట్టమని షాపుకు పని వచ్చింది. ఒక్కో కోటుకు ముందువైపు ఎనిమిది గుండీలు, ఎనిమిది కాజాలు. ఇది మూడో కోటు, నాలుగో కాజా.

ఇరవై ముడులు పడ్డాక బట్టను తిరగేసి చూసింది. లోపలివైపు గోరంత మేర ఎర్రగా ఉంది. దారం రంగు వదిలిందేమో అనుకుంది. కానీ దారం కూడా బూడిదరంగుదే. ఎడమచేతి చూపుడువేలు తిప్పి చూసుకుంటే మూడు చోట్ల గుచ్చుకుని ఉంది. ఒకచోట నుంచి రక్తం ఇంకా వస్తోంది. ఎప్పుడు గుచ్చుకుందో తెలియదు.

తెల్లదారం ముక్క ఒకటి తెంపి నోట్లో వేసుకుని నమిలింది. తడిసిన ఆ ఉండతో మరక మీద అద్దింది. కొత్త రక్తపు మరకకు కుట్టుపనివాళ్ళు చేసేది ఇదే. నీళ్ళు పోస్తే బట్ట మీద చుట్టూ గీత మిగిలిపోతుంది, ఇలా అద్దితే మిగలదు. నాలుగుసార్లు అద్దేసరికి మరక పోయింది. ఆ వారంలో అలా అద్దడం అది ఐదోసారి. షాపు తెరవడానికి ఇంకా గంట టైముంది. తాళాలు ఆమె దగ్గర ఒక జత ఉంటాయి కాబట్టి ఈమధ్య పొద్దున్నే వచ్చి కూర్చుంటోంది. ఇలా కూర్చోకపోతే పని తెమలడం లేదు.

షాపులో అందరూ ఆమెను కాజాలక్క అంటారు. వయసు యాభై మూడు. పందొమ్మిదో ఏట నేల ఊడ్చి గుండీలు కుట్టే పనికి చేరింది. ఒకసారి చిరిగిన పాత కోటు ఒకటి రిపేరుకు వచ్చింది. దాని కాజాను ఒక్కో ముడీ లెక్కపెట్టుకుంటూ విప్పి, అదే కన్నం చుట్టూ మళ్ళీ కుట్టడానికి చూసింది. కుదరలేదు. గుడ్డపీలికల మీద పదిహేడు కాజాలు పాడుచేశాక పద్దెనిమిదోది తీసుకెళ్ళి అప్పటి పెద్దమాస్టరు ముందు పెట్టింది. ఆయన పైవైపు చూడలేదు, తిరగేసి లోపలివైపు చూశాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. మర్నాడు ఆమె చేతికి చీపురు బదులు కోటు ఇచ్చాడు.

కాజా కుట్టేటప్పుడు కుడిచెయ్యి చేసేది అందరికీ కనిపిస్తుంది. అసలు పని బట్ట కింద ఉన్న ఎడమ చూపుడువేలిది. సూది మొన ఆ వేలికి తగిలీ తగలనట్టు తగలాలి. తగిలిన క్షణంలోనే పైకి మళ్ళాలి. ఈ లెక్క వేలిది, కంటికి దీంతో సంబంధం లేదు. అందుకే ఆమె వీధిలోకి చూస్తూ, ఎదుటివాళ్ళతో మాట్లాడుతూ గంటకు నాలుగు కాజాలు కుట్టేది.

ఏడు నెలల కిందట రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషను చేశారు. తర్వాత వారానికొకటి చొప్పున పన్నెండు డోసుల మందు సెలైనులో ఎక్కించాలన్నారు. ప్రతి బుధవారం వెళ్తోంది. ఎనిమిది అయ్యాయి. ఐదో డోసు పడిన మూడోరోజున వేళ్ళ చివర్లలో చీమలు పాకినట్టు మొదలైంది. ఏడో డోసు నాటికి చీమలు పోయాయి. తగ్గిందని సంతోషించింది. చీమలతోపాటు వేళ్ళ చివర్లు కూడా పోయాయని సూది పట్టుకున్నాక తెలిసింది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళు లేక కాదు. ఆసుపత్రిలో ప్రతి బుధవారం సెలైను పెట్టేముందు సిస్టరు అడుగుతూనే ఉంది.

"చేతులు, కాళ్ళు తిమ్మిర్లు ఉన్నాయా అమ్మా?"

"కొంచెం."

"కొంచెమంటే? ఈ చొక్కా గుండీలు పెట్టండి చూద్దాం."

అట్టముక్కకు బిగించిన చిన్నపిల్లల చొక్కా ఒకటి ఆ వార్డులో ఉంటుంది. ఐదు గుండీలు. వేళ్ళు మొద్దుబారినవాళ్ళు వాటితో తంటాలు పడతారు. కాజాలక్కకు కొత్తేం కాదు. గుండీ ఏ మూలనుంచి నెడితే దూరుతుందో చూడగానే తెలుస్తుంది. కళ్ళు చూపిస్తుంటే చెయ్యి దానంతటదే పోతుంది. ఐదు గుండీలూ అరనిమిషంలో పెట్టేసి, "ఈ కాజాలు మిషను మీద కుట్టినవి, రెండు ఉతుకులకు ఊడతాయి" అని కూడా చెప్పింది.

సిస్టరు నవ్వింది. "నాకంటే స్పీడుగా పెట్టారు." కాగితం మీద ఒకటి అని అంకె వేసింది. సున్నా అంటే ఏమీ లేదు, ఒకటి అంటే స్వల్పం. నాలుగు దాకా అంకెలున్నాయి. ఆమె కాగితంలో అప్పటికి ఐదు సున్నాలు, మూడు ఒకట్లు.

స్వల్పమేనని ఆమె కూడా అనుకుంది. తీవ్రమంటే ఎలా ఉంటుందో మూడో డోసు రోజున కళ్ళారా చూసింది. పక్కమంచం ఆవిడకు సెలైను మొదలెట్టిన రెండు నిమిషాలకు మొహం కందిపోయింది, ఊపిరి అందక మంచం కమ్మీని పట్టుకుని కొట్టింది. సిస్టర్లు పరుగెత్తారు, తెరలు లాగారు, ఎవరో ఆక్సిజన్ సిలిండరు తోసుకొచ్చారు. అదీ తీవ్రమంటే. దాని పక్కన వేళ్ళ చివరి తిమ్మిరిని పెట్టి చూస్తే నోరు తెరవబుద్ధి కాలేదు. పైగా ఎక్కువ చెబితే మందు ఆపేస్తారు. మందు ఆపితే గడ్డ మళ్ళీ వస్తుంది. ఇంకా నాలుగే కదా, కానిచ్చేద్దాం అనుకుంది.

మంగళవారం మధ్యాహ్నం మాస్టరు మూడో కోటు చేతిలోకి తీసుకున్నాడు. పెద్దమాస్టరు కొడుకు. కళ్ళజోడు నుదుటి మీదకు తోసి, కాజాలు ఒక్కొక్కటే తిరగేసి చూశాడు. చివరిదాకా చూసి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

"అక్కా, ఇవెవరు కుట్టారు?"

"మీ తాతగారు."

"మా తాత కుడితే ఇంతకన్నా వంకరగా ఉండేవి. సరిగ్గా చెప్పు."

"నేనే. కాజాలు కుట్టేవాళ్ళు ఇక్కడ ఇంకెవరున్నారు మాస్టరూ?"

"నీ ముడి ఎప్పుడూ ఎడమకి వెంట్రుకవాసి వాలుతుంది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. వీటిలో ఒక్కటీ వాలలేదు. పోలీసులు కవాతుకి నిలబడ్డట్టున్నాయి."

"బాగున్నా తప్పేనా?"

"బాగున్నాయి కాబట్టే అడుగుతున్నా. నువ్వు చూసుకుంటూ కుట్టావు. నువ్వు చూసుకుంటూ ఎప్పుడు కుట్టావు?"

మాస్టరు కత్తిరింపు బల్ల కింద బుట్టలోంచి మూడు గుడ్డముక్కలు తీశాడు.

"కళ్ళు మూసుకో."

"నాకు అవతల బోలెడు పనుంది."

"మూసుకో అంటున్నానా!"

మూసుకుంది. ఒక ముక్క ఆమె ఎడమచేతి వేళ్ళ మధ్య పెట్టి ఏమిటది అన్నాడు. బొటనవేలితో రుద్ది చూసి "ఉన్ని" అంది. మాస్టరు దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. రెండో ముక్క పెట్టాడు. ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు రుద్దింది.

"నున్నగా ఉంది. లైనింగు."

కళ్ళు తెరిచింది. మొదటి ముక్క బల్ల మీద ఉంది, అది లైనింగు గుడ్డ. రెండో ముక్క కాళ్ళ దగ్గర నేల మీద పడి ఉంది. ఆమె వేళ్ళు మాత్రం దాన్ని పట్టుకున్నట్టే బిగించి ఉన్నాయి. వాటి మధ్య ఏమీ లేదు.

మాస్టరు వంగి ఆ ముక్క తీసి బుట్టలో వేశాడు. ఇస్త్రీపెట్టె దగ్గర పనిచేసే మనిషి రేడియో గొంతు తగ్గించాడు.

"ఎన్నాళ్ళైంది?"

"నెల కావస్తోంది."

"ఆసుపత్రిలో చెప్పావా?"

"కొంచెం అని చెప్పా. ఎక్కువని చెబితే ఆపేస్తారు మాస్టరూ. ఇంకా నాలుగే ఉన్నాయి."

మాస్టరు కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. "ట్రయల్‌కి వచ్చి నిలబడతారు చూడు కొందరు. చంక దగ్గర పట్టేస్తోందా సార్ అంటే లేదు లేదు బాగుందంటారు. ఇంటికెళ్ళాక చెయ్యెత్తలేరు. వాళ్ళని ఏమనేదానివి నువ్వు?"

"వాళ్ళది మొహమాటం."

"మరి నీదేంటి?"

ఆమెకు అసలు ఏమీ అనిపించలేదు. తిట్టినా బాగుండేది అనుకుంది. మాస్టరు నాలుగో కోటును హ్యాంగరు మీంచి తీయబోయి ఆగి, "రేపు వెళ్ళొచ్చాక చూద్దాం" అని తన పనిలో పడ్డాడు.

సాయంత్రం ఇంట్లో మరదలికి చెప్పింది. కాజాలక్క ఉండేది తమ్ముడింట్లో. తమ్ముడు దూరాలు తిరిగే లారీ మీద ఉంటాడు. మరదలికి వీధి చివర జిరాక్సు షాపుంది. ప్రతి బుధవారం దాన్ని మూసి వదినతో ఆసుపత్రికి వస్తుంది.

"ఎదురింటావిడ తుమ్మితే వచ్చి నాకు చెప్తావు. నీ వేళ్ళు పోతే చెప్పవా వదినా?"

"పోలేదే. ఉన్నాయిగా, చూడు."

"ఉన్నాయి, గోడకి కొట్టిన మేకుల్లా ఉన్నాయి. మొన్న నా జాకెట్టు హుక్కు పెట్టమంటే గంట పట్టింది. చత్వారం అన్నావు!"

"చత్వారమూ ఉంది."

"నోరు ముయ్యి" అని మరదలు లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి గాయాలకు రాసే మందు తెచ్చి వదిన వేలు పట్టుకుంది. గుచ్చుకున్న చోట్లు లెక్కపెట్టింది. పదకొండు. మందు మండుతుందని సీసా మీద రాసి ఉంది. కాజాలక్కకు మండలేదు.

బుధవారం సిస్టరు ఎప్పటిలాగే అట్టముక్క తెచ్చింది. "రండమ్మా, రికార్డు బద్దలుకొట్టండి."

"ఇవాళ కళ్ళు మూసుకుని పెడతాను."

సిస్టరు నవ్వబోయి ఆమె మొహం చూసి అట్టముక్క ఆమె ముందు పెట్టింది. కాజాలక్క కళ్ళు మూసుకుంది. మొదటి గుండీ దొరకడానికే వేళ్ళు చొక్కా అంతా తిరిగాయి. దొరికాక కన్నం దొరకలేదు. రెండు నిమిషాలు అలాగే గడిచాయి. పక్కన మరదలు ముక్కు తుడుచుకోవడం వినిపించింది. "చాలమ్మా, చాలు" అంటూ సిస్టరు అట్టముక్క తీసేసుకుంది.

కాగితాలు ముందుకు తెచ్చుకుని పాత అంకెలు చూసింది. "మీ పనేంటో నేను అడగలేదు" అంది మెల్లగా.

"మా వదిన కాజాలు కుడుతుందండీ" అంది మరదలు. "గుండీల పరీక్ష పెట్టి ఈవిడకి మార్కులేశారు మీరు. చేపకి ఈత పరీక్ష పెట్టినట్టు."

"నాదే తప్పు" అని సిస్టరు కాజాలక్క వైపు తిరిగింది. "కానీ మీరూ కొంచెమే అన్నారు."

"కొంచెమే కదమ్మా. నొప్పి లేదు, మంట లేదు. అప్పుడు ఆ పక్కమంచం ఆవిడకు వచ్చింది చూడు, తీవ్రమంటే అది."

"ఆవిడకి వచ్చింది తీవ్రమే. అరగంట ఆలస్యమైతే ప్రాణం మీదకి వచ్చేది. కానీ అది అరిచి చెప్పింది. అందరం పరిగెత్తాం, మందు ఆపాం, మర్నాడు సాయంత్రం ఆవిడ నడిచి ఇంటికెళ్ళింది. మీది అరవదు. మీరు చెబితేనే మాకు తెలిసేది." సిస్టరు కాగితం మీద అంకెల వరస చూపించింది. "ఇక్కడ మేం వేసేది నొప్పి ఎంతని కాదమ్మా. దానివల్ల మీకు ఏ పని ఆగిపోయిందని. తిమ్మిరి ఉండి, పనులన్నీ మామూలుగా సాగుతుంటే ఒకటి. పని దెబ్బతింటే రెండు. తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం కూడా సొంతంగా చేతకాకపోతే మూడు."

కాజాలక్క ఆ అంకెల వైపు చూసింది. అంకె ఎంత పెద్దదైతే కేక అంత పెద్దదని ఇన్నాళ్ళూ అనుకుంది. ఇప్పుడు తెలిసింది. తెలిసినా లోపల ఏదీ కదల్లేదు. ఎదురుగా గోడ మీద గడియారంలో సెకన్ల ముల్లు తిరుగుతోంది.

డాక్టరమ్మ వచ్చింది. పుల్లతో వేళ్ళ మీద, అరికాళ్ళ మీద గుచ్చి చూసింది. కాలి బొటనవేళ్ళకు కూడా తెలియడం లేదు. ఆ సంగతి కాజాలక్కకే కొత్త. సూది గుచ్చుకున్న గుర్తులు చూసి డాక్టరమ్మ మొహం ముడుచుకుంది.

"ఈ మందు వాడేటప్పుడు రోగంతో పోరాడే కణాలు తగ్గిపోతాయి. ఒక్క చోట చీము పట్టినా ప్రమాదం. ఇవెందుకు చెప్పలేదు?"

"కుట్టుపనిలో గుచ్చుకోవడం మామూలేనండి."

"గుచ్చుకున్నట్టు తెలియకపోవడం మామూలా?"

కాజాలక్క తల అడ్డంగా ఊపింది.

"ఈ వారం డోసు వద్దు. వచ్చే బుధవారం రండి. ఇంతకన్నా పెరగకపోతే తగ్గించిన డోసు మొదలుపెడదాం. పెరిగితే ఈ మందు ఆపేసి వేరే దారి చూద్దాం."

అడగాల్సింది అడిగింది. "తగ్గిస్తే గడ్డ మళ్ళీ వస్తుందా?"

"ఎనిమిది డోసులు పూర్తిగా పడ్డాయి. అవి ఎక్కడికీ పోవు. ఇలా తగ్గించాల్సి వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు, ఆ లెక్క చూసుకునే తగ్గిస్తాం. గ్యారంటీ అంటారా, పన్నెండూ పూర్తిగా ఎక్కించినా నేను ఇవ్వలేను."

"వేళ్ళు?"

"నెలలు పడుతుంది. మందు ఆపాక కూడా కొన్ని వారాలు ఇంకా పెరగొచ్చు. చాలామందికి చాలావరకు తిరిగొస్తుంది. మొత్తం వస్తుందని మాత్రం చెప్పను. నెల కిందటే చెప్పి ఉంటే ఇంకాస్త ధైర్యంగా చెప్పేదాన్ని."

డాక్టరమ్మ వెళ్ళాక సిస్టరు ఇంకో ఫారం తీసింది. మందుల వల్ల జరిగిన హాని రాసి పైకి పంపే ఫారం అది. ఎప్పుడు మొదలైందని అడిగితే కాజాలక్క తేదీ చెప్పలేకపోయింది. ఆరోజు తన బల్ల మీద ఉన్నది నల్ల చారల కోటు అని చెప్పింది. మరదలు ఫోన్లో షాపుకు చేసి, నల్ల చారల కోటు ఏరోజు తయారైందో కనుక్కుంది. సిస్టరు ఆ తేదీ వేసింది. తీవ్రత దగ్గర రెండు అని రాసింది. పనికి ఆటంకం అన్న గడి చిన్నదని అంచు మీద వివరంగా రాసి చదివి వినిపించింది: "వృత్తి కాజాలు కుట్టడం. మునుపు గంటకు నాలుగు, ఇప్పుడు ఒకటి. సూది గుచ్చుకున్నా తెలియడం లేదు."

"సరిగ్గా రాశానా?"

"ఒకటి కూడా పొద్దున వెలుతురున్నప్పుడే" అంది కాజాలక్క. సిస్టరు ఆ మాట కూడా చేర్చింది.

గురువారం షాపుకు వెళ్ళి మాస్టరుతో ఆసుపత్రిలో చెప్పిందంతా చెప్పింది.

"ఇంకా రెండు కోట్లున్నాయి. పదహారు కాజాలు" అందామె. "రోజుకి నాలుగు కుడతాను. ఐదో కాజా కుట్టమంటే కుట్టను."

"శనివారానికి ఇస్తామన్నాం."

"మంగళవారానికి ఇవ్వండి."

మాస్టరు ఆమె వైపు ఒకసారి చూసి ఫోను తీశాడు. హోటల్లో స్టోరు చూసే ఆయన గొంతు బల్ల ఇవతలికి కూడా వినిపించింది. "లేదు సార్, మంగళవారం... మీ తలుపులు ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు తీస్తూనే ఉన్నారు కదా సార్, ఇంకో మూడ్రోజులు తియ్యమనండి... మిషను కాజాలా? మిషను కాజాలైతే పక్క వీధిలో కుడతారు సార్, నంబరు ఇవ్వమంటారా?" కాసేపు విని ఫోను పెట్టేశాడు. "మంగళవారమే. బాగా తిట్టాడు" అన్నాడు.

మరదలు పాత తోలు చేతితొడుగు ఒకటి వెతికి తెచ్చింది. దాని చూపుడువేలు కత్తిరించి కాజాలక్క ఎడమ చూపుడువేలికి తొడిగారు. సూది మొన తోలుకు తగిలితే చిన్న చప్పుడవుతుంది. ఇస్త్రీ మనిషి చెప్పకుండానే రేడియో కట్టేశాడు. వేలు చెప్పాల్సింది ఇప్పుడు కళ్ళూ చెవులూ కలిసి చెబుతున్నాయి. సులువేం కాదు. నాలుగో కాజా పూర్తయ్యేసరికి మెడ పట్టేసేది. అప్పుడు సూది దిండుకు గుచ్చి లేచిపోయేది.

గురు, శుక్ర, శని. ఆదివారం పడుకుంది. సోమవారం మధ్యాహ్నానికి ఐదో కోటు చివరి కాజాకు కొస బిగించే అడ్డకుట్టు వేసి దారం తెంపింది. మాస్టరు తిరగేసి లోపలివైపు చూసి ఇస్త్రీకి పంపాడు.

మంగళవారం పది గంటలకు హోటల్ స్టోరు ఆయన వ్యానుతో వచ్చాడు. బల్ల మీద ఐదు కోట్లూ పరిచి ఒక్కో కోటుకు ఎనిమిది గుండీలూ పెట్టి, తీసి చూసుకున్నాడు. "మూడ్రోజులు లేటు" అన్నాడు.

"నా వల్లే లేటు. వేళ్ళకి మందు పడలేదు" అంది కాజాలక్క.

ఆయనకు అర్థం కాలేదు, అడగనూ లేదు. ఇచ్చినట్టు రాసిన కాగితం మీద సంతకం పెట్టాడు. కాజాలక్క కోట్లను ఒక్కొక్కటే హ్యాంగరుకు తగిలించి, పైన కవరు తొడిగి ఆయన చేతికిచ్చింది. ఆయన ఐదింటినీ వ్యానులో వేలాడదీసి తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.